తిప్పి పంపని మార్పులు

పదకొండు పేజీల డ్రాఫ్టులో మొదటి ఆరు నిబంధనలూ చదువుతున్నంతసేపూ అక్కయ్యగారు తల ఊపుతూనే ఉంది. ఏడోదాని దగ్గర ఊపడం ఆగిపోయింది.

ఆవిడ ముప్పై ఏళ్లు ఒక ఆరోగ్యకేంద్రంలో, టీకాల గదిలో రికార్డులు రాసింది. ఏ బిడ్డకి ఏ టీకా ఏ తేదీన వేయాలి, ఫ్రిజ్‌లో ఏ సీసాకి గడువు ఎప్పుడు తీరుతుంది, ఇవన్నీ చేత్తో రాసీ రాసీ వేళ్లు కాయలు కాశాయి. పదేళ్ల కిందట ఆ గదికి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. ఎవరూ దాని జోలికి పోకపోతే ఈవిడే పుస్తకాలు తెచ్చుకుని, రెండేళ్లు దానితో కుస్తీ పట్టి, 'టీకాల పుస్తకం' అని ఒక ప్రోగ్రాం రాసింది. రాసినదాన్ని ఊరికే ఇచ్చేసింది. లోపలి కోడు కూడా దాచలేదు. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, వాడుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. దేవుడిచ్చిన కాస్త తెలివికి తాళం వేసుకు కూర్చుంటే, రేపు ఆయన దగ్గరికి వెళ్లాక అడిగితే ఏం చెప్పాలి అన్నది ఆవిడ ఆలోచన.

మొదట్లో దాన్ని వాడేవి నాలుగు కేంద్రాలు, మార్పులు పంపేవాళ్లు ముగ్గురు. ఆవిడ రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు కేంద్రాలు మూడు వందలు దాటాయి, పంపేవాళ్లు అరవై నలుగురయ్యారు. అరవై నలుగురివీ అరవై నాలుగు పద్ధతులు. ఒకరు తేదీ ముందు రాస్తే ఇంకొకరు నెల ముందు రాశారు. ప్రింటు బటన్ ఒక్క వారంలో మూడు చోట్లకి కాపురం మార్చింది. కిందటి నెలలో ఇద్దరు ఒకే పనిని ఎవరికి వారు చేసి పంపి, నాది ముందంటే నాది ముందని మెయిళ్లలోనే జుట్లు పట్టుకున్నారు. దాంతో లెక్చరరు గారు రంగంలోకి దిగారు. ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. నిబంధనలు రాసే పని దొరికితే ఆయనకి ఆకలి కూడా వేయదు.

ఏడో నిబంధన ఇది. వరుసగా నలభై మార్పులు ఒక్కసారి కూడా తిప్పి పంపకుండా చేరినట్టు రికార్డులో ఉంటే, ఆ మనిషికి తాళంచెవి ఇవ్వాలి. తాళంచెవి అంటే, ఎవరికీ చూపించకుండా తన మార్పుని తానే నేరుగా ప్రోగ్రాంలో కలిపే అధికారం. అంతవరకూ అది అక్కయ్యగారి ఒక్కరి దగ్గరే ఉండేది.

ఆవిడ లెక్చరరు గారికి ఫోన్ చేసింది.

"ఏడోది అవసరమంటారా అండీ?"

"అదే అసలైనది అక్కయ్యగారూ! మీరొక్కరే ఎన్నాళ్లని మోస్తారు? రికార్డంతా తిరగేశాను. నలభై దాటినవాడు ఒక్కడే. మన లిఫ్టు. ఎంతనుకున్నారు? నూట పన్నెండు! ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. నా స్టూడెంట్లలో అలాంటివాడు ఒక్కడుంటే నేను హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునేవాణ్ణి."

అక్కయ్యగారు ఏడో నిబంధన ఉన్న పేజీ మూల మడిచింది. "సరే, చూస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

లిఫ్టు అంటే ఒక లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఏళ్లుంటాయి. పని లేని గంటల్లో సొంతంగా కోడు నేర్చుకున్నాడు, మూడేళ్లుగా మార్పులు పంపుతున్నాడు. చేయి బహు చురుకు. పొద్దున ఒకరు ఇబ్బంది చెబితే సాయంత్రానికి అతని మార్పు తయారు. పంపేశాక వెనక్కి తిరిగి చూసే రకం కాదు. అప్పటికే తరవాతి పనిలో ఉంటాడు.

ఆ నూట పన్నెండులో నూట మూడు మార్పుల్ని అక్కయ్యగారు దిద్దింది.

అది ఆవిడ పద్ధతి. ఎవరి మార్పయినా ముందు ఆవిడకి మెయిల్లో వస్తుంది. తెల్లవారుజామున లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, తప్పులన్నీ తానే సరిచేసేది. చేర్చేటప్పుడు మాత్రం పంపినవాళ్ల పేరే పెట్టేది. తన చేయి పడ్డట్టు రికార్డులో ఎక్కడా కనపడదు. చేర్చాక, "చాలా బాగుంది తమ్ముడూ, కలిపేశాను" అని ఒక జవాబు.

ఇలా ఎందుకు మొదలైందంటే, తొలి ఏడాది ఒక అమ్మాయి ఒక మార్పు పంపింది. అక్కయ్యగారు పని హడావిడిలో "ఇది పనిచేయదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపింది. ఆ అమ్మాయి మళ్లీ రాయలేదు. రెండు మెయిళ్లు పెట్టినా పలకలేదు. ఊరికే సాయం చేద్దామని వచ్చిన పిల్లని గుమ్మంలోనే కసిరి పంపేశానే అని అక్కయ్యగారు ఏడాదిపాటు బాధపడింది. అప్పటినుంచి ఎవరిదీ తిప్పి పంపలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. ఎదురుగా భర్త. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు.

"ఏమోయ్, కంప్యూటర్ గానీ కరిచిందా?"

ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విన్నాక మజ్జిగ గ్లాసు ఖాళీ చేశాడు.

"నా కారులో నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది తెలుసుగా?"

"ఉంటే?"

"దాన్ని నొక్కిన ప్రతిసారీ పైకి చెప్తాను. 'ఇప్పుడు ఆపింది నువ్వు కాదు నాయనా, నేను' అని. వాళ్లకి నచ్చదు. మొహం మాడ్చుకుంటారు. నిన్న ఒకావిడైతే తలుపు ధడాల్న వేసి వెళ్లిపోయింది. చెప్పకుండా నొక్కాననుకో, ఆ మహాతల్లి తనే ఆపాననుకుని లైసెన్సు తీసుకుని రోడ్డెక్కుతుంది."

"అంటే నేను చేసింది తప్పంటారు."

"నేనెక్కడన్నాను? నా కారు సంగతి చెప్పాను. నీ కంప్యూటర్ సంగతి నాకేం తెలుసు? ఆ పెరుగు ఇటు జరుపు."

పెరుగు గిన్నె కొంచెం గట్టిగానే జరిపింది.

మర్నాడు పొద్దున్నే లిఫ్టు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"అక్కా, లెక్చరరు గారు చెప్పారు! నాకు తాళంచెవంట కదా? మా అమ్మకి చెప్పాను. 'ఏ ఇంటి తాళంరా' అంటోంది."

"ఇంకా మీటింగు కాలేదు తమ్ముడూ..."

"అవుతుందిలే అక్కా. మొదటిది రెడీగా పెట్టుకున్నాను. తొమ్మిది నెలల టీకా జాబితా. మొత్తం కొత్తగా రాశాను. తాళం రాగానే నేనే కలిపేస్తా. మీకు ఆ శ్రమ కూడా ఉండదు. కావాలంటే పంపిస్తా, సరదాగా చూడండి."

పంపాడు. ఆవిడ చూసింది. సగం దాకా బాగానే ఉంది. ఆ తరవాత అతని పాత తప్పే. పుట్టిన తేదీలో నెలకి తొమ్మిది కలుపుతాడు, రోజుని అలాగే ఉంచుతాడు. మే ముప్పై ఒకటిన పుట్టిన బిడ్డకి ఫిబ్రవరి ముప్పై ఒకటిన టీకా వేయాలంటుంది ఆ ప్రోగ్రాం. అలాంటి రోజు లేదు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంటుంది. గడి ఖాళీగా ఉన్న బిడ్డ ఏ రోజు జాబితాలోకీ రాదు. ఎవరూ ఫోన్ చేయరు, ఎవరూ కబురు పంపరు. మూడు వందల కేంద్రాల్లో అలాంటి బిడ్డలు ఎంతమంది ఉంటారు? ఈ తప్పుని ఆవిడ అతని పేరు మీద ఇంతకుముందు నాలుగుసార్లు దిద్దింది. ఒక్కసారి చెప్పి ఉంటే అయిదోసారి వచ్చేది కాదు.

మొదట దొడ్డిదారి వెతికింది. లెక్చరరు గారికి ఫోన్ చేసి, నలభైని నూట యాభై చేద్దామా అంది.

"నూట పన్నెండు దగ్గర ఒకడున్నాడని తెలిసి నూట యాభై అంటే ఏమనుకుంటారండీ? మీకు అతనంటే గిట్టదనుకోరూ?"

నిజమే. ఆవిడ దేవుడి ముందు నిలబడింది. నేను అబద్ధం ఆడలేదు కదా స్వామీ, అని మొదలుపెట్టింది గానీ ఆ మాట అక్కడే ఆగిపోయింది. 'చాలా బాగుంది' అని ఇతనొక్కడికే నూట మూడుసార్లు రాసింది, బాగా లేనివాటికి. ప్రేమతో ఆడిన అబద్ధాలకి వేరే లెక్క ఉంటుందా? లేక తిప్పి పంపితే నన్ను చెడ్డదాన్ననుకుంటారేమోనన్న భయానికే ప్రేమ అని పేరు పెట్టుకున్నానా? దీపం వత్తి ఎగదోసింది. ఆవిడ చెప్పులు వేసుకుని బస్సెక్కింది.

ఆ మెకానిక్కు కుర్రాడు పని చేస్తున్నది ఆరంతస్తుల ఆఫీసు భవనం. మొదటి అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి, అడ్డంగా ఒక గొలుసూ, 'పని జరుగుచున్నది' అన్న బోర్డూ పెట్టి ఉన్నాయి. లోపల లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి అతను నడుం దాకా కనిపిస్తున్నాడు.

"అక్కా! మీరేంటి ఇక్కడ? ఒక్క ఫోన్ కొడితే నేనే వచ్చేవాణ్ణి కదా!" గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ బయటికి దూకాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ సంచిలోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది.

"ఎడమవైపుది కిందటేడు నువ్వు పంపింది. కుడివైపుది ప్రోగ్రాంలో చేరింది."

అతను చూశాడు. వేలితో లైను లైనూ పోల్చాడు. "తేడా ఉందే."

"ఉంది. మే ముప్పై ఒకటిన పుట్టిన బిడ్డకి తొమ్మిది నెలలు ఎప్పుడు నిండుతాయి?"

"ఫిబ్రవరి ముప్పై..." అని ఆగిపోయాడు. కాగితాన్ని మళ్లీ చూశాడు. "ఇదొక్కటేనా?"

"కాదు తమ్ముడూ."

"మొత్తం నూట పన్నెండులో మీరు చెయ్యి పెట్టనివి ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిదా?" నవ్వాడు. అది నవ్వులా లేదు. "మీరు 'చాలా బాగుంది' అని రాసిన మెయిళ్లన్నీ దాచుకున్నాను. సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టిన రోజు తీసి చదువుకునేవాణ్ణి. వీడికేం తెలుసులే అని."

"నువ్వు బాధపడతావని..."

"పడేవాణ్ణి! పడితే ఏమవుతుంది? రెండు రోజులు పడి నేర్చుకునేవాణ్ణి. మూడేళ్లు మీరు ముద్దలు కలిపి నోట్లో పెట్టారు. నేనేమో నేనే వండానని ఊరంతా చెప్పుకున్నాను. మా అమ్మకి ఇప్పుడేం చెప్పమంటారు మేడం?"

అతను మేడం అనడం అదే మొదటిసారి. ఆవిడ కాగితాలు మడిచింది. రెండూ ఒకే మడతకి లొంగలేదు.

"శనివారం మీటింగులో చెప్పాలి నేను. నీ పేరు రాకుండా చెప్పమంటావా?"

"నూట పన్నెండంటే నేనేనని తెలియనిదెవరికి? చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే చెప్తాను." లేచి గొలుసు దాటి లోపలికి వెళ్లిపోయాడు. లోపలినుంచి సుత్తి చప్పుడు కావలసినదానికంటే పెద్దగా వినిపించింది.

శనివారం మధ్యాహ్నం వీడియోలో నలభై ఒక్క మంది చేరారు. లిఫ్టు కూడా చేరాడు గానీ కెమెరా ఆపేశాడు; అతని గడిలో నలుపు తప్ప ఏమీ లేదు. అక్కయ్యగారు తడబడకుండా ఉండాలని కాగితం మీద రాసుకుని చదివింది. తన పద్ధతి ఏమిటో, ఎన్నాళ్లు చేసిందో, ఏడో నిబంధన చూసే రికార్డు తన దిద్దుబాట్ల రికార్డే తప్ప పంపినవాళ్లది కాదని, అంతా చెప్పింది. "అతని తప్పు ఇందులో ఏమీ లేదు. తప్పని అతనికి ఎవరూ చెప్పలేదు" అని ముగించింది.

ఆవిడ కాగితం కింద పెట్టింది. తరవాత ఒక నర్సు నెమ్మదిగా అడిగింది.

"నావెన్ని దిద్దారక్కయ్యగారూ?"

ఆవిడ లెక్క రాసుకునే కూర్చుంది. "పదహారులో పదకొండమ్మా."

"అబ్బో, అయిదు పాసయ్యాను!"

"నావి అడగను," అన్నాడు మందుల షాపాయన. "నాకు మనశ్శాంతి ముఖ్యం."

కొందరు నవ్వారు. ఇద్దరు నవ్వలేదు, ఒకతను మీటింగులోంచి వెళ్లిపోయాడు. లెక్చరరు గారు గొంతు సవరించుకున్నారు.

"మరి నావి? ఊరికే, తెలుసుకుందామని."

"మూడింట్లో మూడండీ."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పెట్టుకున్నాక, ఏడో నిబంధనని కొట్టేసి అందరి ముందే కొత్తది రాయడం మొదలుపెట్టారు. గంటన్నర పట్టింది. చివరికి తేలింది ఇది: ప్రతి మార్పునీ పంపినవాళ్లు కాకుండా ఇంకొకరు చదవాలి. తప్పుంటే కారణం రాసి పంపినవాళ్లకే తిప్పి పంపాలి. ఒకరి పేరు మీద ఇంకొకరు దిద్దకూడదు. బాగుంటే బాగుందని ఊరుకోకుండా, ఏం పరీక్షించి చూశారో కూడా రాయాలి. తాళంచెవి సంగతి ఏడాది తరవాత చూద్దామన్నారు.

అప్పుడు నల్లగడి కింద ఒక లైను టైపయింది. "ఈ రూలు పెద్దవాళ్లకి కూడానా?"

లెక్చరరు గారు తటపటాయించారు. అక్కయ్యగారు మైకు నొక్కింది. "నాతోనే మొదలుపెట్టండి."

ఆదివారం ఆవిడ అతని తొమ్మిది నెలల జాబితాని తిప్పి పంపింది. మూడు వాక్యాల మెయిల్. రాయడానికి ఒక పూట పట్టింది. 'దీన్ని చేర్చలేను తమ్ముడూ. ముప్పై ఒకటో తేదీన పుట్టిన బిడ్డలు కొందరు ఏ రోజు జాబితాలోకీ రావడం లేదు. పాత కోడులో ఇది ఎలా ఉందో కింద పెట్టాను, చూసి నువ్వే సరిచేసి పంపు.' పంపే బటన్ మీద వేలు పెట్టి రెండుసార్లు తీసేసి, మూడోసారి నొక్కింది.

జవాబు రాలేదు. మూడు రోజులు, వారం, పన్నెండు రోజులు. ఇతను కూడా ఆ అమ్మాయిలాగే వెళ్లిపోయాడనుకుంది. బిడ్డల జాబితా అయితే భద్రంగా ఉంది. దానికి ఇంత మూల్యం తప్పదా అని పొద్దున్నే దేవుణ్ణి అడిగేది.

ఈలోగా ఆవిడ తన మార్పు ఒకటి పంపింది. ఒకే బిడ్డ రెండు కేంద్రాల్లో రెండుసార్లు నమోదవుతోందని చాలా చోట్లనుంచి ఫిర్యాదులు వచ్చాయి. తల్లి పేరూ, ఫోన్ నంబరూ, పుట్టిన తేదీ మూడూ కలిస్తే రెండో పేరుని కొట్టేసేలా రాసింది. నిబంధన ప్రకారం దాన్ని ఇంకొకరు చదవాలి. ముగ్గురు చదివారు. ముగ్గురూ "చాలా బాగుంది అక్కయ్యగారూ" అని రాశారు. లెక్చరరు గారు ముగ్గురివీ చెల్లవన్నారు. "ఏం పరీక్షించారో రాయలేదు. అక్కయ్యగారని మొహమాటపడితే రూలు ఎందుకు?" అని కోప్పడ్డారు. ఆ తరవాత దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

పదమూడో రోజు సాయంత్రం లిఫ్టు దగ్గర్నుంచి మెయిల్.

'మేడం, ఒకే తల్లికి ఒకే రోజు ఇద్దరు పుడితే? మీ కోడు కవలల్లో రెండో బిడ్డని కొట్టేస్తోంది. పది జంటలు పెట్టి చూశాను. పది మంది పోయారు. దీన్ని చేర్చకూడదు. సరిచేసి పంపండి. నా జాబితా కూడా మళ్లీ రాసి పంపుతున్నాను. ఫిబ్రవరితో పాటు ఏప్రిల్, సెప్టెంబర్ కూడా చూశాను. పన్నెండు నెలలూ పరీక్షించేసరికి ఆలస్యమైంది.'

అక్కయ్యగారి చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్లలో రెండు చేతుల్లో ఇద్దరు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చిన తల్లుల్ని ఎంతమందిని చూసింది! ఒకరిని తాను ఎత్తుకుని, ఇంకొకరికి టీకా వేయించేది. అలాంటి మనిషి కవలల్ని మరిచిపోయింది. 'నాకు తెలుసు, అది తరవాత చేద్దామనే ఆపాను' అని చేతివేళ్లు వాటంతట అవే టైపు చేశాయి. ఆవిడ దాన్ని చదివింది. అది అబద్ధం. చెరిపేసింది.

"ఏమైంది? మొహం అలా కందిపోయింది," అన్నాడు భర్త పేపరు మీదినుంచి.

"తిప్పి పంపాడు."

"ఎవరిని? నిన్నా?" పేపరు దించాడు. "భలేవాడే!"

"నవ్వకండి. ఇంత మంటగా ఉంటుందా ఇది?"

"ఉంటుంది. రాత్రి అన్నం సహించదు. పొద్దుటికి సహిస్తుంది."

ఆవిడ ఇంకా కాసేపు స్క్రీన్ చూస్తూ కూర్చుంది. మంట మంటే. కానీ ఇతను 'పనిచేయదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోలేదు. పది జంటల్ని పెట్టి చూశాడు, ఎక్కడ పోయారో చెప్పాడు. ఆ రోజు తాను ఆ అమ్మాయికి ఇంతపాటి కారణమైనా రాసి ఉంటే ఆ పిల్ల వెళ్లిపోయేదా? ఏమో, అయినా వెళ్లిపోయేదేమో. ఇప్పుడు ఎవరిని అడిగి తెలుసుకోగలదు?

'నువ్వు చెప్పింది నిజం. నాకు తట్టలేదు. రేపు సరిచేసి పంపుతాను' అని రాసింది.

తరవాత అతని కొత్త జాబితా తెరిచింది. మొదటి లైనునుంచి చదివింది. ఫిబ్రవరి సరిగ్గా ఉంది, ఏప్రిల్ సరిగ్గా ఉంది. పుట్టిన తేదీ రాయకుండా నెల మాత్రమే రాసిన బిడ్డల దగ్గర ఒక అనుమానం వచ్చింది. చెయ్యి అలవాటుగా ఆ లైను దిద్దబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. తన అనుమానం ఏమిటో, ఏ బిడ్డతో పరీక్షిస్తే అది బయటపడుతుందో రాసి, కోడుని అతను పంపినదాన్ని పంపినట్టే ఉంచి, అతనికి తిప్పి పంపింది.